బౌహౌస్ ప్రాథమిక కోర్సు

జర్మనీలోని వైమార్‌లో వాల్టర్ గ్రోపియస్ 1919లో స్థాపించిన బౌహౌస్ విద్యాలయంలో కొత్త విద్యార్థులకు తప్పనిసరి చేసిన తొలి దశ శిక్షణ. జర్మన్‌లో దీని పేరు ఫోర్‌కుర్స్. రూపకర్త స్విస్ చిత్రకారుడు యోహానెస్ ఇట్టెన్. రంగు, ఆకృతి, పదార్థాల స్పర్శగుణాలపై అభ్యాసాలు చేయించాడు. 1923లో ఆయన వైదొలగాక లాస్లో మొహోలీ-నాగీ, యోసెఫ్ ఆల్బర్స్ బోధన చేపట్టారు. 1933లో సంస్థ మూతపడేదాకా ఆల్బర్స్ కొనసాగాడు.

ఆల్బర్స్ విద్యార్థులకు వార్తాపత్రికలు పంచి, తక్కువ పనిముట్లతో, వృథా లేకుండా ఏదైనా చేయమనేవాడు. కోటలు, జంతువుల బొమ్మలకన్నా కేవలం మడిచి నిలబెట్టిన కాగితాన్నే మెచ్చుకునేవాడు. మడతపడితే మెత్తటి కాగితానికి బిగువు వస్తుంది. నిలబడి రెండు వైపులా కనిపిస్తుంది. పదార్థం స్వభావాన్ని ముందు చేతులతో తెలుసుకోవాలన్నదే ఈ కోర్సు సూత్రం. అహ్మదాబాద్‌లోని జాతీయ డిజైన్ సంస్థతో సహా అనేక విద్యాసంస్థల ఫౌండేషన్ కోర్సులపై దీని ప్రభావం ఉంది.