రాజు పేరు లేని శాసనం: సిలోయము సొరంగం

పోయిన ఎపిసోడ్‌లో హిజ్కియా రాజు గురించి మాట్లాడుకున్నాం కదా. సొరంగం సంగతి మొదలుపెట్టేసరికి టైము అయిపోయింది. ఎపిసోడ్ వచ్చాక శ్రోతల్లో చాలామంది నాకు ఒకటే ఫార్వర్డ్ పంపించారు. యెరూషలేము సొరంగంలో హిజ్కియా పేరుతో శాసనం దొరికింది, బైబిల్ రుజువైంది అని దాని సారాంశం. సొరంగం ఉంది, శాసనమూ ఉంది. కానీ ఆ శాసనంలో హిజ్కియా పేరు లేదు. ఏ రాజు పేరూ లేదు, దేవుడి పేరూ లేదు. నేను చర్చికి వెళ్లే మనిషినే. అయినా లేని పేరుని ఉందని చెప్పుకోవడం మనకి అవసరం లేదు. ఎందుకంటే ఉన్నదే అంతకన్నా చాలా బాగుంది.

ముందు ఊరి సంగతి. దావీదు పట్టణం అనే పాత యెరూషలేము ఒక సన్నటి కొండ మీద ఉండేది. ఏడాది పొడుగునా నీళ్లుండే ఊట ఒక్కటే, గిహోను. అది కొండకి తూర్పున, కిద్రోను లోయ అంచున కింద ఉంది. శత్రువు వచ్చి చుట్టుముడితే ఆ నీళ్లు ముందు అతనికే దొరుకుతాయి. క్రీ.పూ. 705లో అష్షూరు రాజు సర్గోను చనిపోయాడు. హిజ్కియా అష్షూరుకి ఎదురుతిరిగాడు. క్రీ.పూ. 701లో సర్గోను కొడుకు సన్హెరీబు సైన్యంతో దిగాడు.

ఆ దండయాత్ర గురించి రెండు పక్షాల రాతలూ మనకి మిగిలాయి. చరిత్రలో ఇది మామూలు విషయం కాదు. సన్హెరీబు మట్టి స్తంభాల మీద రాయించిన దాంట్లో యూదాలో 46 కోట పట్టణాలు పట్టుకున్నానని, హిజ్కియాని పంజరంలో పిట్టలా యెరూషలేములో బంధించానని గొప్పలు చెప్పుకున్నాడు. ఊరిని పట్టుకున్నానని మాత్రం ఎక్కడా అనలేదు. కప్పం లెక్క చూడండి. బంగారం 30 తలాంతులని ఇద్దరూ ఒప్పుకుంటారు. వెండి మాత్రం రాజుల గ్రంథంలో 300, సన్హెరీబు లెక్కలో 800. ఇచ్చినవాడి రసీదు, పుచ్చుకున్నవాడి రసీదు ఎప్పుడూ కలవవు! ఇక దినవృత్తాంతముల గ్రంథం, యెషయా గ్రంథం ఈ కప్పం మాటే ఎత్తవు. పండితులు చేసే పని ఇదే. ఒకే సంఘటన గురించిన రాతలన్నీ పక్కపక్కన పెట్టి, ఎవరు ఏది చెప్పారు, ఏది వదిలేశారు, ఎందుకు అని అడుగుతారు.

నీళ్ల పని గురించి కూడా బైబిల్లో ఒకే మాట లేదు. 2 రాజులు 20:20 ఒక్క వాక్యంలో తేల్చేస్తుంది: కొలను తవ్వించాడు, కాలువ వేయించాడు, నీళ్లు ఊళ్లోకి తెచ్చాడు. 2 దినవృత్తాంతములు 32:30 ఇంకాస్త వివరంగా, గిహోను ఎగువ కాలువని మూయించి నీళ్లని దావీదు పట్టణం పడమటి వైపుకి మళ్లించాడని చెప్పి, చేసిన ప్రతి పనిలోనూ రాజు వర్ధిల్లాడని మెచ్చుకుంటుంది. యెషయా 22వ అధ్యాయానికి వస్తే గొంతు మారిపోతుంది. రెండు గోడల మధ్య నీళ్లకి చోటు కట్టారు గానీ, వీటన్నిటినీ ఏర్పాటు చేసినవాడి వైపు చూడలేదు అని ప్రవక్త కోప్పడతాడు. బహుశా ఇదే పని గురించి. ఒకరికి మంచి పాలన, ఇంకొకరికి విశ్వాసం లేకపోవడం. రెండూ ఒకే బైబిల్లో ఉన్నాయి, ఏదీ కొట్టెయ్యలేదు.

ఇప్పుడు సొరంగం. పొడవు సుమారు 533 మీటర్లు. సూటిగా కొలిస్తే ఊట నుంచి కోనేటి దాకా 320 మీటర్లే. పాములా వంకర తిరుగుతుంది. వెడల్పు చాలాచోట్ల 60 సెంటీమీటర్లు, అంటే ఒక మనిషి భుజాలు పట్టేంత. ఇంత పొడవుకి నేల వాలు మొత్తం 30 సెంటీమీటర్ల చుట్టుపక్కలే. చేతికింద టోటల్ స్టేషన్ ఉన్నా ఇంత తక్కువ వాలుతో పైపు వేయమంటే మేము ఒకటికి నాలుగుసార్లు చెక్ చేసుకుంటాం. పైగా దీన్ని రెండు చివరల నుంచీ తవ్వుకుంటూ వచ్చి మధ్యలో కలిపారు.

1838లో ఎడ్వర్డ్ రాబిన్సన్ అనే అమెరికా పండితుడు ఈ సొరంగమంతా దోగాడుతూ దాటాడు. గోడ మీద శాసనం ఆయన కంట పడలేదు. 1867లో చార్లెస్ వారెన్ వెళ్లాడు, ఆయనకీ కనబడలేదు. 1880లో యెరూషలేములో ఉండే జర్మన్ ఆర్కిటెక్ట్ కాన్రాడ్ షిక్ విద్యార్థుల్లో ఒక కుర్రాడు, సిలోయము వైపు నుంచి నీళ్లలో దిగి వెళ్తూ అక్షరాలు చూశాడు. యోహాను సువార్తలో గుడ్డివాడు వెళ్లి కడుక్కున్న సిలోయము కోనేటికి నీళ్లు వచ్చేది ఈ దారినే. పదేళ్ల తరవాత ఎవరో శాసనాన్ని గోడ నుంచి పగలగొట్టి ఎత్తుకుపోయారు. ముక్కలు దొరికాయి. అప్పుడు అది తుర్కీ పాలన కాబట్టి ఇస్తాంబుల్ చేరింది, ఇప్పటికీ అక్కడి మ్యూజియంలోనే ఉంది.

పాత హెబ్రీ లిపిలో ఆరు వరుసలు. సారాంశం ఇది. ఇంకా మూడు మూరలు తవ్వాల్సి ఉండగా, ఒక మనిషి అవతలివాణ్ణి పిలుస్తున్న గొంతు వినబడింది. తొలిచి కలిపిన రోజున రాళ్లు కొట్టేవాళ్లు ఒకరికి ఎదురుగా ఒకరు, పికాసుకి ఎదురు పికాసు కొట్టారు. ఊట నుంచి కోనేటికి 1200 మూరలు నీళ్లు పారాయి. వాళ్ల తల మీద రాయి ఎత్తు 100 మూరలు. అంతే.

మూర అంటే మనకి చెప్పక్కర్లేదు, మల్లెపూలు ఇప్పటికీ ఆ లెక్కనే కొంటాం. 533ని 1200తో భాగిస్తే మూర 44 సెంటీమీటర్ల పైచిలుకు వస్తుంది. మోచేతి నుంచి వేలి కొస దాకా కొలుచుకోండి, దాదాపు సరిపోతుంది. మూడు మూరలంటే మీటరుంబావు. అంత మందం రాతిలోంచి గొంతు ఎలా వినబడింది? దానికి కారణం శాసనమే చెబుతుంది, రాతిలో ఒక 'జ-ద-హ' ఉంది కాబట్టి అని. ఆ మాటకి అర్థం ఎవరికీ తేలలేదు. బైబిల్లో ఇంకెక్కడా రాదు. చీలిక అని కొందరు, రెండు తవ్వకాలు ఒకదాన్నొకటి దాటిపోయిన చోటు అని కొందరు. మేస్త్రీల మాట అయి ఉంటుందని నా అనుమానం. సైట్లో మేము వాడే మాటలు సగం ఏ డిక్షనరీలోనూ ఉండవు.

పేరు లేదు కాబట్టి తేదీ గురించి గొడవ వచ్చింది. 1996లో రోజర్సన్, డేవిస్ అనే ఇద్దరు పండితులు, ఇది హిజ్కియాది కాదు, హస్మోనీయుల కాలంది, అంటే ఐదు వందల ఏళ్లకి పైగా తరవాతది అన్నారు. లిపి తెలిసినవాళ్లు ఒప్పుకోలేదు. 2003లో ఫ్రుమ్‌కిన్, షిమ్రోన్, రోజెన్‌బామ్ సొరంగం గచ్చులో ఇరుక్కున్న మొక్కల ముక్కలని కార్బన్ పద్ధతిలో పరీక్షించి, క్రీ.పూ. 700 చుట్టుపక్కల కాలమని తేల్చారు. దాంతో హస్మోనీయుల వాదన నిలబడలేదు. కానీ కార్బన్ లెక్క రాజు పేరు చెప్పదు. ఊట దగ్గర దొరికిన కుండపెంకులని బట్టి రైక్, షుక్రోన్ అనే తవ్వకందారులు సొరంగం హిజ్కియాకన్నా ముందుదే అంటారు. 2010లో ఇజ్రాయెల్ భూగర్భ శాస్త్రజ్ఞులు పని లెక్క కట్టి, కనీసం నాలుగేళ్లు పడుతుంది, ముట్టడి భయంతో హడావిడిగా అయ్యే పని కాదు, హిజ్కియా కొడుకు మనష్షే శాంతి కాలంలో చేయించి ఉంటాడు అన్నారు. మనష్షే అంటే రాజుల గ్రంథంలో అందరికన్నా చెడ్డ రాజు. ఆయన పనిని మంచి రాజు ఖాతాలో వేశారా అన్న ప్రశ్న విశ్వాసికి కొంచెం గుచ్చుకుంటుంది. గుచ్చుకోనివ్వండి.

నాకు తెలిసిన లెక్క నేనూ వేశాను. ఒక్కో గ్యాంగుకి 266 మీటర్లు. నాలుగేళ్లంటే రోజుకి 18 సెంటీమీటర్లు. 60 సెంటీమీటర్ల వెడల్పులో ముందు కొట్టేవాడు ఒక్కడే. వెనకవాడు రాయి మోస్తాడు, దీపం పట్టుకునేవాడు ఇంకొకడు. ఒకడు అలసిపోతే ఇంకొకడు దిగుతూ, రాత్రీ పగలూ ఉలి ఆగకుండా నడిపిస్తే 705 నుంచి 701 మధ్య పూర్తి చెయ్యొచ్చు, అదీ మొదటి నెలలోనే మొదలుపెట్టి ఉంటే. అందుకే నేను హిజ్కియా వైపే మొగ్గుతాను. ఖాయం అని మాత్రం అనను.

దారి ఎలా పట్టారన్నది ఇంకో ముడి. సున్నపురాయిలో సహజంగా ఉన్న నీటి చీలికని పట్టుకుని వెళ్లారని 1991లో డాన్ గిల్ రాశాడు. కొండ మీద నుంచి సుత్తితో కొట్టి, ఆ చప్పుడుతో లోపలివాళ్లకి దారి చూపించారని ఫ్రుమ్‌కిన్, షిమ్రోన్ అంటారు. కలిసిన చోటుకి దగ్గరపడే కొద్దీ సొరంగం ఇటు తిరిగి అటు తిరిగి మెలికలు పోతుంది. కొంచెం తవ్వి తప్పని తెలిసి వదిలేసిన గూళ్లు గోడలో అక్కడక్కడా ఉన్నాయి. దక్షిణం చివర పైకప్పు ఐదు మీటర్ల ఎత్తు దాకా ఉంటుంది. కలిశాక నీళ్లు పారడానికి నేలని మళ్లీ కిందికి చెక్కాల్సి వచ్చిందని అంటారు. కలిసిన చోట గోడ మీద దీపం పెట్టి చూస్తే ఉలి గాట్లు అప్పటిదాకా ఒక దిక్కుకి వాలి ఉంటాయి, అక్కడి నుంచి ఎదురు దిక్కుకి వాలతాయి.