హైతీకి గత్తర ఎలా వచ్చింది?

1817లో బెంగాల్‌లోని జెస్సోర్ ప్రాంతంలో విజృంభించిన కలరా బ్రిటిష్ సైన్యాల వెంట, సరుకు ఓడల వెంట దేశదేశాలకూ పాకింది. దాదాపు రెండు శతాబ్దాల తర్వాత కరీబియన్ దేశం హైతీలోకి అది అడుగుపెట్టిందీ సైనికుల వెంటే. ఈసారి వాళ్లు వచ్చింది శాంతిని కాపాడడానికి.

2010 జనవరి 12 నాటి భూకంపం హైతీ రాజధాని పోర్టో ప్రిన్స్‌ను కూల్చేసింది. లక్షల మంది గుడారాల పాలయ్యారు. అక్కడ అంటురోగాలు పుడతాయేమోనని అందరూ భయపడ్డారు. కానీ అక్టోబరులో కలరా మొదలైంది గుడారాల్లో కాదు, రాజధానికి దూరంగా ఆర్తిబోనీత్ నది పరీవాహక ప్రాంతంలో. అంతకుముందు కనీసం నూరేళ్లుగా ఆ దేశంలో కలరా జాడే లేదు.

నదికి ఎగువన మిరెబలె పట్టణం దగ్గర ఐక్యరాజ్యసమితి శాంతిసేన శిబిరం ఉండేది. అందులోకి నేపాల్ నుంచి కొత్త దళం అప్పుడే దిగింది. ఆ వేసవిలో కాఠ్‌మాండూలో కలరా ప్రబలినా, రోగలక్షణాలు లేని సైనికులకు పరీక్షలు చేసే నిబంధన అప్పట్లో లేదు. శిబిరం మురుగు పక్కనున్న వాగులో కలిసింది. ఆ వాగు నదిలో కలుస్తుంది. దిగువన వరి రైతులు ఆ నీళ్లే తాగుతారు, అందులోనే స్నానం చేస్తారు. ఫ్రెంచి వైద్యుడు రెనో పియారూ ఊరూరా తిరిగి ఈ దారిని పసిగట్టారు. హైతీ, నేపాల్ క్రిములు దాదాపు ఒకటేనని 2011లో జన్యు పరీక్షలూ తేల్చాయి.

క్రిమి నేపాల్ నుంచి వచ్చింది సరే. అది దావానలంలా దేశమంతా ఎందుకు వ్యాపించింది? ఫ్రాన్స్ మీద బానిసలు తిరగబడి 1804లో సాధించుకున్న దేశం హైతీ. 1825లో ఫ్రాన్స్ యుద్ధనౌకలను తీరానికి పంపి, తమ వలసదారులు పోగొట్టుకున్న ఆస్తులకు పరిహారంగా 15 కోట్ల ఫ్రాంకులు కట్టమంది. తర్వాత దాన్ని 9 కోట్లకు తగ్గించినా, దానికోసం చేసిన అప్పులు 1947 దాకా తీరలేదు. మధ్యలో 1915 నుంచి 1934 దాకా అమెరికా సైన్యం తిష్ఠ వేసింది. 1998లో అంతర అమెరికా అభివృద్ధి బ్యాంకు తాగునీటి పనులకు 5.4 కోట్ల డాలర్ల రుణం మంజూరు చేస్తే, తర్వాత వచ్చిన అధ్యక్షుడు అరిస్టీడ్ ప్రభుత్వంతో పేచీ పెట్టుకున్న అమెరికా ఆ సొమ్ము అందకుండా ఏళ్ల తరబడి అడ్డుపడింది. పడాల్సిన గొట్టాలు పడలేదు. జనానికి వాగు నీళ్లే దిక్కయ్యాయి.

ఐక్యరాజ్యసమితి మొదట తన సైనికులకు సంబంధం లేదంది. 2011 నవంబరులో 5,000 మంది బాధితుల తరఫున పరిహారం అడిగితే, ఆ దావా విచారణకు తగదని 2013 ఫిబ్రవరిలో తోసిపుచ్చింది. హైతీతో చేసుకున్న ఒప్పందం ప్రకారం ఇలాంటి ఫిర్యాదులు వినడానికి ఒక కమిషన్ ఉండాలి. దాన్ని ఏర్పాటే చేయలేదు. బాధితులు న్యూయార్క్ కోర్టుకెక్కితే, 1946 నాటి ఒడంబడిక సమితికి కేసుల నుంచి రక్షణ కల్పిస్తోందని కోర్టు చెప్పింది. 2016 ఆగస్టులో అప్పీలూ వీగిపోయింది. అదే ఏడాది డిసెంబరు 1న ప్రధాన కార్యదర్శి బాన్ కీ మూన్ హైతీ ప్రజలకు క్షమాపణ చెప్పారు, చట్టపరమైన బాధ్యతను మాత్రం ఒప్పుకోలేదు. ప్రకటించిన 40 కోట్ల డాలర్ల సాయంలో చేతికందింది కొద్ది వాటాయే.

అప్పటికే దాదాపు 8 లక్షల మంది జబ్బుపడ్డారు, దాదాపు 10,000 మంది చనిపోయారు. ఉప్పు, చక్కెర కలిపిన శుభ్రమైన నీళ్లు వేళకు తాగిస్తే చాలామంది బతికే జబ్బు ఇది. 2019లో ఆగిన కలరా 2022 అక్టోబరులో మళ్లీ తలెత్తింది. 2010లో దాన్ని మోసుకొచ్చిన నేపాలీ సైనికుడూ పేద దేశపు బిడ్డే. అతన్ని నిందించడం తప్పు. పరీక్ష చేయించని, మురుగును అదుపు చేయని సంస్థ జవాబు చెప్పాలి. తాగునీటిని రాజకీయ బేరంగా వాడుకున్న ప్రభుత్వం జవాబు చెప్పాలి. పరిహారం చెల్లించి, ఇంటింటికీ మంచినీటి గొట్టం వేసేదాకా ఆ క్షమాపణ వట్టి మాటే.