ఆత్మసంబంధమైన ఆశీర్వాదాలు (క్రైస్తవ సిద్ధాంతం)

క్రీస్తును నమ్మినవారికి దేవుడు అనుగ్రహించాడని క్రైస్తవులు విశ్వసించే వరాలను ఆత్మసంబంధమైన ఆశీర్వాదాలు అంటారు. ఎన్నిక, దత్తత, విమోచన, పాపక్షమాపణ, దేవుని సంకల్పం తెలియడం, స్వాస్థ్యంలో పాలు, పరిశుద్ధాత్మ ముద్ర వీటిలో ముఖ్యమైనవి. కొత్త నిబంధనలో ఇవి పలుచోట్ల విడివిడిగా కనిపిస్తాయి. అన్నీ ఒక్కచోట కూడి వచ్చేది మాత్రం ఎఫెసీయులకు రాసిన పత్రిక మొదటి అధ్యాయం 3 నుంచి 14 వచనాల్లో. ఈ పేరు కూడా అక్కడి నుంచే వచ్చింది.

భౌతికమైన దీవెనలను బైబిలు చిన్నచూపు చూడదు. ద్వితీయోపదేశకాండం 28వ అధ్యాయం పొలం, పశువులు, ధాన్యం గంప, పిండి తొట్టి వరకూ పేరుపేరునా దీవిస్తుంది. ఎఫెసీ పత్రికలోని వరుసలో అలాంటిది ఒక్కటీ లేదు. మనిషి ఎవరివాడు, ఏ ఇంటికి చెందినవాడు అన్న ప్రశ్నకే అక్కడి ఆశీర్వాదాలన్నీ జవాబు చెబుతాయి. ఈ సంగతి పట్టుబడితే మిగతా సిద్ధాంతమంతా దానంతటదే విప్పుకుంటుంది.

పత్రిక, పట్టణం

ఎఫెసు శిథిలాలు నేటి తుర్కియేలో సెల్చుక్ పట్టణం పక్కన ఉన్నాయి. రోమన్ల కాలంలో అది ఆసియా రాష్ట్రంలోకెల్లా పెద్ద నగరం, రేవు పట్టణం. ప్రాచీన ప్రపంచపు ఏడు వింతల్లో ఒకటైన అర్తెమి దేవి ఆలయం అక్కడిదే. మంత్రతంత్రాలకు కూడా ఆ ఊరు పేరుమోసింది. అపొస్తలుడైన పౌలు బోధ విని మారినవారు తమ మంత్రగ్రంథాలను తెచ్చి అందరి ఎదుటా తగలబెట్టారనీ, వాటి వెల 50,000 వెండి నాణేలనీ అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయం చెబుతుంది. ఆలయం మీద బతికే కంసాలులు దేమేత్రి నాయకత్వంలో అల్లరి లేపి జనాన్ని నాటకశాలలోకి తోసుకుపోయిన కథ కూడా ఆ అధ్యాయంలోదే. సుమారు 25,000 మంది పట్టే ఆ నాటకశాల ఇప్పటికీ కొండవాలున నిలిచి ఉంది.

ఈ నేపథ్యం తెలిస్తే పత్రికలో ఒక సంగతి స్పష్టమవుతుంది. ఆశీర్వాదాలు ఉన్నది పరలోక మండలంలో అని 1:3 చెబుతుంది. అదే మాట పత్రికలో ఐదుసార్లు వస్తుంది. చివరిసారి అది మనుషులను పీడించే దురాత్మల చోటును సూచిస్తుంది (6:12). చేతబడికీ గ్రహాలకూ కంటికి కనపడని శక్తులకూ భయపడుతూ బతికినవారికి, ఆ శక్తులు తిరిగే చోటనే మీ పేరు మీద ఆశీర్వాదం రాసి ఉందని చెప్పడం పెద్ద ధైర్యం. తాయెత్తుల అవసరం అక్కడితో తీరిపోయింది.

సంప్రదాయం ప్రకారం పౌలు ఈ పత్రికను రోమాలో ఖైదీగా ఉండగా, సుమారు క్రీ.శ. 60-62లో రాశాడు. శైలిలోని తేడాలను బట్టి ఆయన శిష్యుడెవరో తర్వాత రాసి ఉంటాడని ఆధునిక పండితుల్లో చాలామంది భావిస్తారు. 46వ పపైరస్, సైనాయ్, వాటికన్ ప్రతుల వంటి అతి పాత ప్రతుల్లో మొదటి వచనంలో ఊరి పేరే లేదు. అందుచేత దీన్ని ఆసియాలోని అనేక సంఘాల్లో చదవడానికి పంపిన లేఖగా చాలామంది ఎంచుతారు.

పన్నెండు వచనాలు, ఒకే వాక్యం

గ్రీకు మూలంలో 3 నుంచి 14 దాకా ఉన్నది దాదాపు 200 మాటల ఒకే వాక్యం. యూదుల ప్రార్థనల్లో దేవుణ్ణి స్తుతిస్తూ మొదలయ్యే బెరాఖా అనే పద్ధతి ఉంది. ఈ వాక్యం ఆ అచ్చులో పోసినదే. కొరింథీయులకు రాసిన రెండవ పత్రిక, పేతురు మొదటి పత్రిక కూడా అలాగే మొదలవుతాయి. తెలుగు బైబిలు చదువరి సౌకర్యం కోసం దీన్ని చిన్న వాక్యాలుగా విడగొట్టింది. మూలంలో మాత్రం ఊపిరి తీసుకోవడానికి చోటు లేనంత ఉత్సాహం కనిపిస్తుంది. మొదట తండ్రి సంకల్పం, తర్వాత కుమారుని రక్తం, ఆఖర్న ఆత్మ ముద్ర వస్తాయి. దేవుని మహిమకు కీర్తి కలగాలన్న పల్లవి మూడుసార్లు వినిపిస్తుంది. క్రీస్తులో, ఆయనలో అన్న అర్థం వచ్చే మాటలు పదిసార్లకు తక్కువ కాకుండా వస్తాయి. ముఖ్యమైన క్రియల్లో చాలావరకు భూతకాలంలో ఉన్నాయి: ఆశీర్వదించాడు, ఏర్పరచుకున్నాడు, ముద్రించాడు. విశ్వాసి వీటిని సంపాదించుకోవలసిన పని లేదని, అందుకున్నవాటికి కృతజ్ఞత చెప్పడమే మిగిలిందని ఈ వ్యాకరణమే చెబుతుంది.

ఎన్నిక

జగత్తుకు పునాది వేయకముందే దేవుడు ఏర్పరచుకున్నాడన్న మాట (1:4) క్రైస్తవ చరిత్రలో ఎడతెగని వాదానికి కారణమైంది. ఐదో శతాబ్దంలో అగస్టీను, పెలాగియస్ మధ్య మొదలైన చర్చ పదహారో శతాబ్దంలో కాల్విన్ బోధతో మళ్లీ రాజుకుంది. దేవుడు కొందరినే ఎన్నుకున్నాడని కాల్విన్ వర్గం, నమ్మబోయేవారిని ముందే ఎరిగి ఎన్నుకున్నాడని అర్మీనియస్ వర్గం వాదించాయి. 1618-19లో డార్ట్ మహాసభ మొదటి పక్షానికి మొగ్గింది. పద్దెనిమిదో శతాబ్దంలో జాన్ వెస్లీ రెండో దాన్ని మెథడిస్టులకు అందించాడు. తెలుగు సంఘాల్లో రెండూ వినిపిస్తాయి. అయితే ఆ వచనం ఎన్నికను బహువచనంలో చెబుతుంది, దాని ఉద్దేశం పరిశుద్ధ జీవితమని కూడా అక్కడే అంటుంది. వాదం వేడిలో ఈ రెండూ మరుగున పడుతుంటాయి.

దత్తత

ఈ వరుసకు గుండెకాయ దత్తత (1:5). పౌలు పేరున్న పత్రికల్లో ఈ మాట ఐదుసార్లు వస్తుంది: రోమీయుల పత్రికలో మూడు, గలతీయుల పత్రికలో ఒకటి, ఇక్కడ ఒకటి. మోషే ధర్మశాస్త్రంలో దత్తతకు ప్రత్యేకించిన విధి లేదు. రోమన్ సమాజంలో అది అందరికీ తెలిసిన వ్యవహారం. వారసుడు లేని సంపన్నుడు చాలాసార్లు ఎదిగిన మగవాణ్ణే దత్తత తీసుకునేవాడు. ఇంటి పేరు నిలవాలి, ఆస్తి చెదరకూడదు, ఇంటి దేవతల పూజ ఆగకూడదు. దత్తుడు కన్నతండ్రి అధికారం నుంచి బయటపడి కొత్త తండ్రి అధికారం కిందికి వచ్చేవాడు. కొత్త పేరు పెట్టుకునేవాడు. కన్నకొడుకుతో సమానంగా వారసుడయ్యేవాడు. ఆగస్టస్ క్రీ.శ. 4లో తిబెరియస్‌ను ఇలాగే దత్తు తీసుకున్నాడు. క్లౌదియస్‌కు బ్రిటానికస్ అనే సొంత కొడుకు ఉన్నా, 50లో నీరోను దత్తు తీసుకున్నాడు. 54లో నీరో చక్రవర్తి అయ్యాడు. పౌలు రోమాలో ఖైదులో ఉన్నప్పుడు సింహాసనం మీద కూర్చున్నది ఒక దత్తపుత్రుడే.

ఈ పత్రిక చదువుతుంటే వింటున్న సంఘంలో బానిసలూ ఉన్నారు. ఆరో అధ్యాయం వారిని నేరుగా పలకరిస్తుంది. రోమన్ చట్టం దృష్టిలో బానిసకు తండ్రి లేడు, వంశం లేదు, ఆస్తి లేదు. యజమాని పక్కనే కూర్చుని, నువ్వు దేవుని ఇంటి బిడ్డవు, వారసుడివి అన్న మాట వినడం అతనికి ఎలా ఉండి ఉంటుందో తలుచుకుంటే, ఈ సిద్ధాంతం పుస్తకాల్లోది మాత్రమే కాదని తెలుస్తుంది. సాధారణంగా కొడుకులకే దక్కే ఆ హోదాను పత్రిక స్త్రీలకూ తేడా లేకుండా వర్తింపజేసింది.

తూర్పు ఆర్థొడాక్సు సంఘాలు ఈ భావాన్ని మరింత దూరం తీసుకువెళ్లాయి. నాలుగో శతాబ్దంలో అలెగ్జాండ్రియాకు చెందిన అథనాసియస్ బోధను అనుసరించి, రక్షణ అంటే మనిషి దేవుని జీవంలో పాలుపొంది క్రమంగా ఆయన పోలికలోకి మారడమని అవి చెబుతాయి.

విమోచన, క్షమాపణ

విమోచన అంటే వెల చెల్లించి విడిపించడం (1:7). యూదు శ్రోతకు ఇది ఐగుప్తు నుంచి విడుదలను, పస్కా గొర్రెపిల్లను గుర్తుచేస్తుంది. గ్రీకు శ్రోతకు బానిసల విడుదల గుర్తొస్తుంది. డెల్ఫీలోని అపోలో ఆలయ ప్రాంగణంలో బానిసల విడుదల పత్రాలు రాళ్ల మీద చెక్కి వెయ్యికి పైగా దొరికాయి. బానిస వెలను దేవుడి పేరిట యజమానికి చెల్లించినట్టు వాటిలో రాసుకునేవారు. మరి క్రీస్తు వెల ఎవరికి చెల్లించాడు? సాతానుకు అని ఓరిగెన్ వంటివారు అన్నారు. నజియాంజుకు చెందిన గ్రెగరీ ఆ మాటను గట్టిగా తోసిపుచ్చాడు. 1098 ప్రాంతంలో ఆన్సెల్మ్, దేవుని గౌరవానికి కలిగిన భంగాన్ని క్రీస్తు తీర్చాడని వివరించాడు. పత్రిక మాత్రం ఎవరికి అన్న ప్రశ్న జోలికి పోకుండా, క్రీస్తు రక్తం వల్ల క్షమాపణ కలిగిందని చెప్పి ఊరుకుంది.

ఈ క్షమాపణ విశ్వాసం వల్లనే కలుగుతుందన్న లూథర్ బోధ పదహారో శతాబ్దంలో పశ్చిమ క్రైస్తవాన్ని రెండుగా చీల్చింది. 1547లో ట్రెంట్ మహాసభ దానికి కతోలిక జవాబు ఇచ్చింది. నాలుగున్నర శతాబ్దాల తర్వాత, 1999 అక్టోబరు 31న, లూథరన్ ప్రపంచ సమాఖ్యా కతోలిక సంఘమూ ఆగ్స్‌బర్గ్‌లో ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశాయి. మెథడిస్టులు 2006లో అందులో చేరారు.

మర్మం, అడ్డుగోడ

ఇంతకాలం దాగి ఉన్న దేవుని మర్మం ఇప్పుడు తెలిసిందని 1:9 అంటుంది. ఆ మర్మం ఏమిటంటే, పరలోకంలోనూ భూమి మీదా ఉన్న సమస్తాన్నీ క్రీస్తులో ఒకటిగా కూర్చడం. రెండో శతాబ్దంలో లియోన్ బిషప్పు ఇరేనియస్ తన బోధనంతా ఈ మాట మీదనే కట్టాడు. రెండో అధ్యాయం దీన్ని నేల మీదికి దించి, యూదులకూ అన్యజనులకూ మధ్య అడ్డుగోడ కూలిపోయిందని చెబుతుంది.

అలాంటి గోడ నిజంగానే ఒకటి ఉండేది. యెరూషలేము దేవాలయంలో అన్యజనులు నిలబడగలిగిన బయటి ఆవరణకూ లోపలి ఆవరణలకూ మధ్య రాతి పిట్టగోడ ఉండేది. దాన్ని దాటిన పరాయివాడికి చావు తప్పదని హెచ్చరించే గ్రీకు శాసనాలు దానికి అమర్చారు. వాటిలో ఒకదాన్ని 1871లో ఫ్రెంచి పండితుడు షార్ల్ క్లెర్మాఁ గానో కనుగొన్నాడు. అది ఇప్పుడు ఇస్తాంబుల్ పురావస్తు మ్యూజియంలో ఉంది. పౌలు యెరూషలేములో పట్టుబడింది ఈ గోడ విషయంలోనే. ఎఫెసువాడైన త్రోఫిమును ఆయన లోపలికి తీసుకువెళ్లాడని జనం అనుమానించారు (అపొ. కార్య. 21:29). ఎఫెసు సంఘానికి ఆ గోడ కేవలం ఉపమానం కాదు, తమ ఊరివాడి పేరుతో ముడిపడిన సంగతి.

తెలుగునాట ఈ బోధ కులమనే మరో గోడకు ఎదురైంది. 1866లో ఒంగోలుకు వచ్చిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దగ్గర మొదట విశ్వాసంలోకి వచ్చినవారిలో ఎక్కువమంది మాదిగలు. తోళ్ల వ్యాపారం చేసే ఎర్రగుంట్ల పేరయ్య వారిలో ముఖ్యుడు. ఊరి బావి, గుడి, బడి మూడూ వారికి మూసి ఉన్న కాలం అది. 1876-78 కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం గుత్తకు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. సాయం నడిచినంతకాలం బాప్తిస్మాలు మాత్రం ఆపేశాడు. తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని ఆయన పట్టుదల. కరువు పనులు ముగిశాక, 1878 జూలై 3న ఒక్కరోజే గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. గంజిని, దీవెనను వేరుచేసి చూపిన ఆ నిర్ణయం ఈ సిద్ధాంతానికి తెలుగు చరిత్ర ఇచ్చిన గొప్ప ఉదాహరణ.

ఆ గోడ సంఘాల్లో పూర్తిగా కూలిందని చెప్పలేం. పెళ్లి సంబంధాల దగ్గర మాల, మాదిగ, అగ్రకుల క్రైస్తవుల మధ్య గీతలు ఇంకా ఉన్నాయి. చట్టపరంగా చూస్తే నష్టం కూడా ఉంది: 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు కింద క్రైస్తవులైన దళితులకు షెడ్యూల్డు కులాల హోదా దక్కదు. తెలుగు రాష్ట్రాల్లో వారిని బీసీ-సీ కింద చేర్చి ఒక్క శాతం రిజర్వేషన్ ఇస్తున్నారు. తరతరాలుగా ఈ నష్టాన్ని భరిస్తూ విశ్వాసంలో నిలిచిన కుటుంబాలకు ఆశీర్వాదం అన్న మాట అర్థం ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు.

ముద్ర, సంచకరువు

నమ్మినవారిని దేవుడు పరిశుద్ధాత్మతో ముద్రించాడని 1:13 చెబుతుంది. సరుకు మీదా పత్రాల మీదా వేసే ముద్ర అది ఎవరిదో చెప్పేది. ఈ ముద్ర ఎప్పుడు పడుతుందన్న దగ్గర సంఘాలు వేరవుతాయి. ఆర్థొడాక్సులు బాప్తిస్మం కాగానే పసిబిడ్డకైనా తైలంతో అభిషేకం చేస్తారు. ఈ ముద్రకు సంబంధించిన సంస్కారాన్ని తెలుగు కతోలికులు భద్రమైన అభ్యంగనం అంటారు. 1906లో లాస్ ఏంజెలెస్‌లోని అజూసా వీధి ఉజ్జీవం నుంచి పెరిగిన పెంతెకొస్తు సంఘాలు రక్షణ తర్వాత ఆత్మాభిషేకం వేరుగా కలుగుతుందని, భాషలు మాట్లాడటం దానికి గుర్తని బోధిస్తాయి.

ఆ ఆత్మనే 1:14 స్వాస్థ్యానికి సంచకరువు అంటుంది. పొలం కొనేటప్పుడు ఇచ్చే బయానా లాంటిది ఇది: బయానా చేతిలో పడితే బేరం ఖాయమైనట్టే, కానీ రిజిస్ట్రేషన్ ఇంకా కావాలి. తెలుగు సంఘాల్లో ఇవాళ జరుగుతున్న పెద్ద చర్చ ఇక్కడే ఉంది. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో కొత్త సంవత్సరపు వాగ్దాన కార్డు కోసం విశ్వాసులు వరుసలో నిలబడతారు. చేతికి వచ్చిన వచనంలో ఇల్లు, ఉద్యోగం, వీసా, సంతానం వెతుక్కుంటారు. అడగడంలో తప్పు లేదు. అవి రాకపోతే విశ్వాసం చాలలేదని వేదిక మీద నుంచి చెప్పడంలోనే అన్యాయం ఉంది. జబ్బుతో మంచం పట్టిన విశ్వాసికి ఆ మాట రెండో జబ్బు అవుతుంది. 2010లో కేప్‌టౌన్‌లో జరిగిన లౌసాన్ మహాసభ ప్రకటన ఇలాంటి ఐశ్వర్య సువార్తను తిరస్కరించింది.

దత్తత ఇప్పటికే జరిగిందని ఎఫెసీ పత్రిక అంటే, దేహ విమోచన అనే దత్తత కోసం ఇంకా కనిపెడుతున్నామని రోమీయులకు 8:23 అంటుంది. రోగం, వార్ధక్యం, చావు విశ్వాసికి తప్పవన్నది మొదటి నుంచీ క్రైస్తవ బోధలో భాగమే. మిగిలిన భాగం పునరుత్థానంలో దక్కుతుందని అది నమ్ముతుంది. ఆశీర్వాదాలన్నిటినీ వరసపెట్టి చెప్పిన ఈ పత్రిక సంకెళ్లలో ఉన్న మనిషి గొంతుతో సాగుతుంది. చివర్లో ఆయన తన కోసం ప్రార్థించమని సంఘాన్ని అడుగుతాడు (6:19-20). అడిగింది విడుదల గురించి కాదు, సువార్తను ధైర్యంగా చెప్పడానికి తనకు మాట దొరకాలని.