బళ్ళారిలో నలుడు పాడిన రోజులు

తెలుగు నాటకంలో రాజు పద్యం ఎత్తుకుని, చివరి పాదం మీద రాగం తీసి, జనం ‘వన్స్ మోర్’ అంటే మళ్ళీ మొదటికి వచ్చే పద్ధతికి పునాది మా బళ్ళారిలో పడింది. 1887లో ఇక్కడ ఆడిన ‘చిత్రనళీయం’తో. రాసిందీ, ఆడించిందీ ధర్మవరం రామకృష్ణమాచార్యులు. నలదమయంతుల ప్రేమకథను పాటలతో, పద్యాలతో నింపేశాడు. అంతకుముందు తెలుగులో నాటకాలు లేవని కాదు. కోరాడ రామచంద్రశాస్త్రి 1860 ప్రాంతంలోనే ‘మంజరీ మధుకరీయం’ రాశాడు. రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం 1880లో తన శిష్యులతో నాటకాలు ఆడించాడు. కానీ పాత్రధారి నోట పద్యం పాటై, ఆ పాట కోసమే జనం బండ్లు కట్టుకుని వచ్చే రోజులు మాత్రం మా ఊరి పుణ్యం. కాదు, పాపం అనేవాళ్ళూ ఉన్నారు. ఆ సంగతికి తర్వాత వస్తాను.

అప్పటి బళ్ళారి మద్రాసు రాజధానిలో ఒక జిల్లా కేంద్రం. 1800లో నిజాం ఇంగ్లీషువాళ్ళకు వదిలేసిన దత్తమండలాల్లోది. ఊరి మధ్య ఏకరాతి గుట్ట, దాని మీద హండె హనుమప్ప నాయకుడి కోట, కింద హైదరాలీ కట్టించిన కోట, దండు, కౌల్ బజారు, బ్రూస్‌పేట. కచేరీలో తెలుగు, సంతలో కన్నడం, దండులో ఉర్దూ, అరవం, గుమాస్తాల ఇళ్ళలో మరాఠీ. ఇప్పటికీ మా వీధిలో ఒకే వాక్యంలో మూడు భాషలు దొర్లుతాయి. ఉగ్గాని అన్నా, ఒగ్గరణె అన్నా బజ్జీలబండి మనిషి ఒకే పొట్లం కడతాడు.

చిత్రనళీయానికి పదేళ్ళ కిందట, 1876-78లో, ధాత కరువు ఈ సీమను ఊడ్చేసింది. బళ్ళారి జిల్లాలో చచ్చినవాళ్ళు చావగా, మిగిలినవాళ్ళు గంజి కేంద్రాల దగ్గర వరసలు కట్టారు. ఆ తరం మనుషులే పదేళ్ళు తిరిగేసరికి నలుడి పాట వినడానికి వచ్చి కూచున్నారన్నది నాకెప్పుడూ ఆశ్చర్యమే. నలుడి కథలో సగం ఆకలి కథే. రాజ్యం పోయి, కట్టుబట్ట పోయి, అడవిలో తిండి కోసం పక్షుల మీద పంచె విసిరితే అవి ఆ పంచెతోనే ఎగిరిపోయే ఘట్టం చదువుతుంటే, ఆ కథనే ఎంచుకోవడం ఊరికే జరిగిందా అనిపిస్తుంది. ఇది నా అనుమానం, అంతే.

నాటకాల పిచ్చి మాకు పడమటి నుంచి వచ్చింది. మరాఠీ సీమలో సాంగ్లీ వైపు 1843 నుంచే నాటకాలున్నాయి. 1880లో పూనాలో అణ్ణాసాహెబ్ కిర్లోస్కర్ ‘సంగీత శాకుంతలం’ ఆడించాక, పాటల నాటకం అక్కడ ఉప్పెనై లేచింది. ధార్వాడ కంపెనీలు ఆ గాలిని మోసుకుని మనవైపు వచ్చాయి. రాజమండ్రిలో వీరేశలింగానికి నాటకాలాడించాలనే ఊపు రావడానికీ ఆ ధార్వాడ వాళ్ళే కారణమంటారు. మాకైతే వాళ్ళు ఇరుగుపొరుగే. వాళ్ళు పోయాక వాళ్ళ వరసలు ఊళ్ళో నిలిచిపోయాయి. అర్థం తెలియని మరాఠీ పాటకు తెలుగు మాటలు అతికించి కూనిరాగం తీయడం కుర్రాళ్ళకు సరదా. ఆచార్యులు చేసిందీ ఒకరకంగా అదే, కాకపోతే ఆయన పండితుడు, ఛందస్సు చేతిలో పని.

ఆయన 1853లో పుట్టాడు. ఇంటిపేరులో ఉన్న ధర్మవరం 2022 దాకా అనంతపురం జిల్లాది. బతుకుతెరువు మాత్రం బళ్ళారిలో వకీలు పని. 1886లో ఇక్కడ సరస వినోదిని సభ పెట్టాడు. ఇక్కడొక మాట గట్టిగా చెప్పుకోవాలి. ఇది కంపెనీ కాదు, సభ. జీతానికి ఆడేవాళ్ళు కారు. పగలు కోర్టులో నల్లకోటు వేసుకున్న మనిషి రాత్రి కిరీటం పెట్టుకునేవాడు. నాటకాలవాడంటే పిల్లనివ్వని రోజుల్లో అదెంత తెగింపో ఆలోచించండి. స్త్రీ వేషాలూ మగవాళ్ళవే. దమయంతి కూడా గడ్డం గీసుకుని రంగం మీదికి వచ్చినదే.

ఇక నలుడి కథను రంగమెక్కించడంలో ఉన్న అసలు చిక్కు స్వయంవరం. ఇంద్రుడు, అగ్ని, యముడు, వరుణుడు నలుగురూ నలుడి రూపంలో వచ్చి నలుడి పక్కనే కూచుంటారు. దమయంతి దండ పట్టుకుని అయిదుగురు నలుళ్ళ ముందు నిలబడాలి. భారతంలో ఆమె గుర్తుపట్టే పద్ధతి అందరికీ తెలిసిందే. దేవతలకు రెప్ప పడదు, చెమట పట్టదు, మెడలో పూలు వాడవు, కాళ్ళు నేలను తాకవు, నీడ ఉండదు. కాగితం మీద ఇది అద్భుతం. రంగం మీద? దీపాల వేడికి ఇంద్రుడి ముఖాన రంగు కారుతుంది. అగ్నికి కన్ను అదురుతుంది. వరుణుడి నీడ యముడి మీద పడుతుంది. నాలుగో వరసలో కూచున్నవాడికి ఎవరి కాళ్ళు నేల మీద ఉన్నాయో ఎలా కనబడుతుంది? కాబట్టి ఏ సమాజం ఆడినా ఆ తేడాలన్నీ దమయంతి నోటితోనే చెప్పించాలి. మామూలు మాటల్లో చెప్పిస్తే సాక్షి వాంగ్మూలంలా ఉంటుంది. పద్యంలో పెట్టి, ఒక్కో లక్షణానికి ఒక్కో మెట్టు ఎక్కిస్తూ పాడిస్తే చూసేవాడు చెమట కారుతున్న ఇంద్రుడిని మరిచిపోతాడు. కంటికి అందనిది చెవికి అందుతుంది. రాగాన్ని తిట్టేవాళ్ళు ఈ ఒక్క రంగాన్ని పాట లేకుండా ఆడి చూపించమనండి.

రెండో సగంలో చిక్కు వేరు. కర్కోటకుడు కరిచాక నలుడు వికారరూపుడై బాహుకుడన్న పేరుతో అయోధ్యలో ఋతుపర్ణుడి కొలువులో వంటవాడిగా, గుర్రాలు తోలేవాడిగా చేరతాడు. దమయంతి రెండో స్వయంవరం కబురు పుట్టించి అతన్ని రప్పించి, వంట రుచి చూసి, పిల్లల్ని పంపి కనిపెడుతుంది. ముఖం మారిపోయిన మొగుడిని ప్రేక్షకుడూ గుర్తుపట్టాలి కదా! గొంతే గుర్తు. మొదటి అంకంలో విన్న గొంతు కురూపి నోటి నుంచి మళ్ళీ వినిపించినప్పుడు ముందు వరసలో ముసలమ్మలు ముక్కు చీదకుండా ఉండరు.

ఆచార్యులు రాగాలు తెచ్చి నాటకాన్ని చెడగొట్టాడన్న మాట ఇప్పటికీ పండితులు అంటుంటారు. ఆ రోజుల్ని ఊహించుకుంటే అలా అనబుద్ధి కాదు. మైకు లేదు. పందిట్లో వెనక కూచున్నవాడికి మాట చేరాలంటే సాగదీయాలి, సాగదీస్తే అది రాగమే. పైగా మా ఊరి ప్రేక్షకుల్లో ఎందరికి గ్రాంథిక తెలుగు పూర్తిగా అర్థమవుతుంది? కన్నడిగుడు, మరాఠీ గుమాస్తా, దండులోని అరవవాడు ఒకే గుడ్డపట్టా మీద కూచున్నప్పుడు వాళ్ళందరికీ ఉమ్మడిగా అందేది వరస ఒక్కటే. నాలుగు భాషల ఊళ్ళో పుట్టిన నాటకం పాడింది. పాడక ఏం చేస్తుంది?

1891లో సరస వినోదిని సభ మద్రాసు వెళ్ళి ఆడింది. అక్కడ చూసినవాళ్ళలో పమ్మల్ సంబంధ ముదలియార్ ఒకడు. అప్పటికి ఇంకా చదువుకునే కుర్రాడు. అరవ వీధి నాటకాలంటే ఈసడించుకునేవాడు. చదువుకున్నవాళ్ళు, వకీళ్ళు వేషాలు కట్టి ఇంత గౌరవంగా ఆడవచ్చునా అని అతనికి మతి పోయింది. అదే ఏడు సుగుణ విలాస సభ పెట్టాడు. తర్వాత తొంభైకి పైగా నాటకాలు రాసి, న్యాయమూర్తి కూడా అయ్యి, తమిళ నాటకానికి పెద్దదిక్కయ్యాడు. తన నాటక జ్ఞాపకాల్లో బళ్ళారి వాళ్ళ ఋణం దాచుకోకుండా చెప్పుకున్నాడు. తమిళ నాటక చరిత్ర చదివేవాళ్ళకు మా ఊరి పేరు మొదట్లోనే తగులుతుంది. తెలుగు పుస్తకాల్లో వెతుక్కోవాలి.

ఒక ఊళ్ళో ఒక సభ ఉంటే రెండోది రాకుండా ఉండదు. కోలాచలం శ్రీనివాసరావు, ఈయనా వకీలే, సుమనోరమ సభ పెట్టాడు. పురాణాలు ఆచార్యులకు వదిలి తాను చరిత్ర మీద పడ్డాడు. ‘రామరాజు చరిత్ర’ అలా వచ్చింది. హంపీకి చేరువలో ఉన్న ఊరికి విజయనగరం పతనం కన్నా దగ్గరి కథ ఏముంటుంది? ప్రపంచ నాటక చరిత్రను ఇంగ్లీషులో పుస్తకంగా రాసినవాడూ ఈయనే, 1908లో. ఒకరిని ఆంధ్ర నాటక పితామహుడన్నారు, రెండోవారిని చరిత్ర నాటక పితామహుడన్నారు. ఒకే కోర్టు ఆవరణలో ఇద్దరు పితామహులు తిరుగుతుంటే క్లయింట్లు ఏమనుకున్నారో!

ఈ ఇద్దరి నడుమ పెరిగినవాడు రాఘవ. తాడిపత్రి రాఘవాచార్యులు, 1880లో పుట్టాడు, ఆచార్యులకు సాక్షాత్తు మేనల్లుడు. లోకానికి బళ్ళారి రాఘవ. మేనమామ ఏ రాగంతో పేరు తెచ్చుకున్నాడో ఆ రాగం మీదే అల్లుడు కత్తి కట్టాడు. పద్యం భావం కోసం పలకాలి తప్ప ఆలాపన కోసం కాదన్నాడు. చచ్చిపోతున్న పాత్ర లేచి వన్స్ మోర్ పాడటమేమిటని విసుక్కున్నాడు. ‘రామరాజు’లో పఠాను వేషం వేస్తే జనానికి పాట లేని లోటే తెలియలేదని పెద్దలు చెప్పేవారు. చూపు, నిలబడే తీరు, ఒక్క అడుగు ముందుకు వేయడం చాలు. యూరప్ వెళ్ళి అక్కడి నాటకాలు చూసి, బెర్నార్డ్ షాను కలిసి వచ్చాడు. స్త్రీ వేషం స్త్రీలే వేయాలని పట్టుబట్టి, కొమ్మూరి పద్మావతీదేవి వంటివారితో కలిసి ఆడాడు. ఆచార్యులు 1912లో పోయారు, రాఘవ 1946లో.

వీళ్ళిద్దరినీ పాత, కొత్త అని ఎదురెదురుగా నిలబెట్టి రాయడం ఒక అలవాటైపోయింది. నాకు అది నచ్చదు. వకీలు వేషం కట్టినా పరువు పోదని మేనమామ ముందే రుజువు చేసి పెట్టాడు కాబట్టే మేనల్లుడు వకీలుగా ఉంటూ నటుడిగా దేశం తిరిగాడు. పైగా రాఘవ కోపగించుకున్నది మేనమామ పాట మీద కన్నా, ఆ పాట తర్వాత పట్టిన తోవ మీద. కోస్తాకు పోయాక పద్యనాటకం మరో అవతారమెత్తింది. తిరుపతి వేంకట కవుల ఉద్యోగ విజయాలు, బలిజేపల్లి వారి హరిశ్చంద్ర ఊరూరా ఆడారు. ఒక్క రాత్రికి ఇద్దరు కృష్ణులు, ముగ్గురు అర్జునులు. ఎవరి రాగం ఎంతసేపు నిలుస్తుందన్న పందెమే నాటకమైంది. గొప్ప గొంతులు వచ్చాయి, కాదనను. నలుడి గొంతును బట్టి బాహుకుడిని గుర్తుపట్టే అవసరం మాత్రం ఎవరికీ లేకుండా పోయింది.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డప్పుడు బళ్ళారి జిల్లా చీలింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు పోయాయి. మిగిలినవాటితో పాటు, న్యాయమూర్తి మిశ్రా నివేదిక తర్వాత, బళ్ళారి తాలూకా మైసూరుకు పోయింది. చీలికప్పుడు ఊళ్ళో కొట్లాటలైనా నాటకాలవాళ్ళ మధ్య పెద్దగా ఏమీ కాలేదు. పొద్దున కన్నడం, రాత్రి తెలుగు ఆడే మనిషికి రాష్ట్రంతో పనేమిటి? జోళదరాశి దొడ్డనగౌడ గారు రెండు భాషల్లోనూ రంగమెక్కారు, రాఘవతో కలిసి తిరిగినవారు. నష్టం మరోచోట జరిగింది. తెలుగువాళ్ళు నాటక చరిత్ర రాసేటప్పుడు బళ్ళారిని పక్క రాష్ట్రమని రెండు వాక్యాల్లో దాటేశారు. కన్నడంవాళ్ళు చిత్రనళీయం తెలుగు నాటకమని వదిలేశారు. రాఘవ పేరు ఒక్కటే రెండువైపులా నిలిచింది. 1981లో తపాలా బిళ్ళ వచ్చింది, ఊళ్ళో ఆయన పేర కళామందిరం ఉంది. ధర్మవరం వారి పేరు చెబితే ఆటో డ్రైవరు ‘ధర్మవరం రైలు ఏ ప్లాట్‌ఫారం’ అంటాడు.

మేం కొందరం కలిసి ఈ మధ్య చిత్రనళీయం స్వయంవరం ఘట్టం ఒక్కటైనా ఆడాలని కూచున్నాం. అయిదుగురు నలుళ్ళు దొరికారు. వాళ్ళలో ఇద్దరికి తెలుగు చదవడం రాదు, పద్యాలు కన్నడ లిపిలో రాసిచ్చాం. అయిదు కిరీటాలు ఒకేలా ఉన్నవి అద్దెకు దొరకడం కష్టమైంది, మూడు ఒక తీరు, రెండు మరో తీరు. దమయంతిగా బ్యాంకులో పనిచేసే అమ్మాయి ఒప్పుకుంది. తగవంతా ఆలాపన దగ్గర. మూడు నిమిషాలు దాటితే జనం ఫోన్లు తీస్తారని కుర్రాళ్ళు, శ్రుతి కుదరడానికే మూడు నిమిషాలు కావాలని హార్మోనియం పెద్దాయన. ‘మైకు ఉంది కదా సార్, ఎందుకు అంత సాగదీయడం’ అన్నాడొకడు. ఆయన శ్రుతిపెట్టె మూసి, ‘అయితే మైకునే పాడమను నాయనా’ అని టీ తాగడానికి వెళ్ళారు. రిహార్సల్ మళ్ళీ వచ్చే ఆదివారం.