డిస్కు లోపలి సంగతి

కంప్యూటర్ని శుభ్రం చేస్తాం, వేగం పెంచుతాం అని చెప్పుకొనే యుటిలిటీ ప్రోగ్రాములను ఇవాళ తెలిసినవాళ్లెవరూ పెద్దగా నమ్మరు. ఆ అపనమ్మకానికి కారణాలున్నాయి. కానీ ఈ వ్యాపారం మొదటి నుంచీ ఇలా లేదు. యంత్రం లోపల ఏం జరుగుతోందో యజమానికి చూపించినన్నాళ్లూ అది గౌరవంగా బతికింది. చూపించడం మానేసి, ఒక అంకె చెప్పి నమ్మమన్ననాడే చెడిపోయింది.

ఐబీఎం పీసీ 1981 ఆగస్టులో వచ్చింది. దాని ఆపరేటింగ్ సిస్టమ్ డాస్‌లో ఫైలు చెరిపేస్తే మళ్లీ తెచ్చుకునే ఆదేశమేదీ లేదు. నిజానికి చెరిపినప్పుడు జరిగేది చాలా తక్కువ. డైరెక్టరీలో ఆ ఫైలుకున్న 32 బైట్ల పద్దులో పేరు మొదటి అక్షరం పోయి, దాని స్థానంలో చెరిపివేత గుర్తు పడుతుంది. ఫైలు ముక్కలు ఎక్కడెక్కడున్నాయో చెప్పే పట్టికలో ఆ గడులు ఖాళీ అవుతాయి. అసలు రాత మాత్రం, దాని మీద మరో ఫైలు పడేదాకా, డిస్కు మీదే ఉంటుంది. 1982లో ప్రోగ్రామర్ పీటర్ నార్టన్ తెచ్చిన అన్‌ఎరేజ్ అనే ప్రోగ్రాము ఈ సంగతి మీదే ఆధారపడింది. పోయిన ఫైలును వెతికిపెట్టి, పేరులో మొదటి అక్షరం ఏమిటో మీరే చెప్పండని అడిగేది. ఆ అక్షరం డిస్కు మీద లేదు, యజమాని జ్ఞాపకంలోనే ఉంది. ప్రోగ్రాము తనకు తెలియనిదాన్ని తెలిసినట్టు నటించకుండా తెలిసిన మనిషినే అడగడం నాకు ఈ చరిత్ర మొత్తంలో అత్యంత మర్యాదైన ఘట్టంగా కనిపిస్తుంది.

ఈ వ్యాపారాన్ని మైక్రోసాఫ్టే మింగేసిందని ఒక వాదన ఉంది. అందులో కొంత నిజం లేకపోలేదు. నార్టన్ కంపెనీని 1990లో సిమాంటెక్ కొంది. మరుసటి ఏడే ఎంఎస్ డాస్ 5లో అన్‌డిలీట్ వచ్చింది, అది సెంట్రల్ పాయింట్ కంపెనీ నుంచి తీసుకున్నది. 1993లో డాస్ 6లోకి, చెదిరిన ఫైలు ముక్కలను ఒకచోట చేర్చే సిమాంటెక్ డిఫ్రాగ్ చేరింది, విండోస్ 95తో రీసైకిల్ బిన్ వచ్చింది. నిజమైన అవసరాలు ఒక్కొక్కటే తీరిపోయాయి. అయితే అవసరం తీరినంత మాత్రాన మోసం పుట్టాలని లేదు. మిగిలిన అమ్మకందార్లలో కొందరు ఎవరూ సరిచూడలేని చోటును ఎంచుకున్నారు. 1995లో వచ్చిన సాఫ్ట్‌ర్యామ్ 95 మెమరీని రెట్టింపు చేస్తానంది, లక్షల కాపీలు అమ్ముడైంది. విండోస్ 95లో అది మెమరీని పెంచనేలేదని తేలి, 1996లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ చర్య తీసుకుంది. ఆ తర్వాత, విండోస్ తన అమరికలను రాసుకునే రిజిస్ట్రీని శుభ్రం చేస్తామనే రిజిస్ట్రీ క్లీనర్ల వంతు. వందల తప్పులు దొరికాయని ఎర్రటి అంకె చూపించేవి. ఆ తప్పుల్లో చాలావరకు తీసేసిన ప్రోగ్రాములు వదిలిన పాత పద్దులు. వాటిని తుడిచినా వేగంలో గమనించదగ్గ తేడా రాదు, పొరపాటున పనికొచ్చే పద్దు పోతే విండోస్ లేవకపోవచ్చు. ఇలాంటి క్లీనర్ల వాడకాన్ని తాము సమర్థించమని తర్వాత మైక్రోసాఫ్టే ప్రకటించింది.

సామాన్యుడు సెక్టార్లు చదవలేడు, అతనికి ఒక్క బటన్ చాలు కదా అనవచ్చు. ఈ అభ్యంతరాన్ని తేలిగ్గా కొట్టెయ్యను. కానీ చూపించడమంటే అంతా చదివించడం కాదు. డిఫ్రాగ్ తెర మీద రంగు గడుల పటం ఉండేది. చెదిరిన ముక్కలు ఒకచోట చేరడం ఎవరికైనా కనిపించేది. తిరిగే డిస్కులో హెడ్డు అటూ ఇటూ కదలాల్సిన దూరం తగ్గేది కాబట్టి ఆ లాభమూ నిజమే. ఎస్‌ఎస్‌డీలో హెడ్డు లేదు, ఆ పని అక్కడితో ముగిసింది. అది సహజమైన ముగింపు, అందులో విచారించాల్సిందేమీ లేదు.

ఆపరేటింగ్ సిస్టమే అన్నీ చూసుకుంటుంటే యజమాని లోపలికి తొంగిచూడడం ఎందుకనే ప్రశ్నకు 2005 జవాబు చెప్పింది. సాఫ్ట్‌ర్యామ్‌ను విప్పి పరీక్షించినవాళ్లలో ఉన్న మార్క్ రుసినోవిచ్, బ్రైస్ కాగ్స్‌వెల్ 1996లో మొదలుపెట్టిన, తర్వాత సిస్‌ఇంటర్నల్స్ అనే పేరు పొందిన సైటులో చిన్న పనిముట్లు ఉచితంగా ఇచ్చేవారు. ఫైల్‌మాన్, రెగ్‌మాన్ లాంటివి దేన్నీ శుభ్రం చేసేవి కావు, ఏ ప్రోగ్రాము ఏ ఫైలును, ఏ రిజిస్ట్రీ పద్దును తాకుతోందో చూపించేవంతే. రూట్‌కిట్‌రివీలర్ అనే మరొకటి, విండోస్ చెప్పే ఫైళ్ల జాబితానూ తాను నేరుగా డిస్కు నుంచి చదివినదాన్నీ పోల్చేది. ఆ ఏడాది అక్టోబరులో రుసినోవిచ్ సొంత కంప్యూటర్లోనే ఈ రెండూ సరిపోలలేదు. సోనీ బీఎంజీ మ్యూజిక్ సీడీతో వచ్చిన కాపీ నిరోధక సాఫ్ట్‌వేర్ తన ఫైళ్లను విండోస్‌కే కనబడకుండా దాచుకుంది. నవంబరులో సోనీ ఆ సీడీలను వెనక్కి పిలిపించింది. 2006 జులైలో సిస్‌ఇంటర్నల్స్‌ను మైక్రోసాఫ్ట్ కొనుక్కుని, ఆ పనిముట్లను ఉచితంగానే ఇస్తూ వచ్చింది.