కార్డుకు తెలుగు వచ్చిన కాలం

పాత కంప్యూటరుకు వేరే గ్రాఫిక్స్ కార్డు బిగించిన తరువాత తెర మీద తెలుగు కనిపించకపోతే తప్పెవరిది? సింగరాయకొండలోని మా మేనమామగారి ఇంట నిరుడు ఈ ప్రశ్న పుట్టింది. అది విండోస్ ఎక్స్‌పీ నాటి యంత్రం. ఊరిని గురించి, నరసింహస్వామి గుడిని గురించి ఆయన ఏళ్ల తరబడి వ్రాసుకున్న వ్యాసాలన్నీ అందులోనే ఉన్నాయి. మరొక ప్రతి లేదు.

ముందు తెర నల్లగానే ఉండిపోయింది. ఒక పొడుగు కూత, రెండు పొట్టి కూతలు వినిపించాయి. 1981 నాటి ఐబీఎం పీసీ మొదలుకొని ఈ కూతలకు అర్థం, తెరను నడిపే కార్డు పలకడం లేదని. ఏజీపీ కార్డులు ఇప్పుడు వాడినవే దొరుకుతాయి. పైగా సముద్రానికి దగ్గరి ఊరు, ఉప్పుగాలి. కార్డు అంచున ఉన్న రాగి పట్టీలను పెన్సిలు రబ్బరుతో రుద్ది, స్లాటులో గట్టిగా కూర్చోబెట్టగా బొమ్మ వచ్చింది. డ్రైవరు మాత్రం కుదరలేదు. బాగుచేసే కుర్రవాడు విండోస్‌ను మళ్లీ ఎక్కించాడు. వ్యాసాలు వేరే డ్రైవులో ఉండబట్టి దక్కాయి కాని, తెరిస్తే అక్షరాల చోట డబ్బాలు! "ఈ కార్డుకు తెలుగు రాదండీ" అని తేల్చేశాడతను.

ఆ మాట విని నవ్వు రాలేదు నాకు. ఎందుకంటే ఒకప్పుడు అది అక్షరాలా నిజం.

డాస్ రోజులలో తెర అంటే 25 వరుసలు, వరుసకు 80 గడులు. గడికి ఒక అక్షరం. ఆ అక్షరాల రూపాలు కార్డులోని చిప్పులోనే ఉండేవి. ఐబీఎం వారి తొలి నలుపు తెలుపు కార్డులో ఒక్కొక్క గడి 9 చుక్కల వెడల్పు, 14 చుక్కల ఎత్తు. రోమను లిపికి అది చాలు. 'స్త్రీ' అని వ్రాయాలంటే పైన గుడిదీర్ఘం, కింద రెండు ఒత్తులు. ఆ గడిలో ఎలా ఇముడుతుంది? ఈ చిక్కును విప్పినది జిస్ట్ కార్డు. కాన్పూరు ఐఐటీలో మొదలైన ఆ పరిశోధన, 1988లో పుణేలో ఏర్పడిన సీడాక్ చేతిలో కార్డు రూపం దాల్చింది. ఒత్తులను, గుణింతాలను కూర్చి తెర మీద గీసే పని ఆ కార్డుదే. పలు భారతీయ లిపులకు ఇస్కీ అనే ఒకే సంకేత పట్టిక. తెలుగు 'క'కు, నాగరి 'క'కు సంఖ్య ఒక్కటే. ఈనాటి యూనికోడులో మన అక్షరాల వరుసకు మూలం ఆ పట్టికే.

తరువాత ఆ పని కార్డు నుండి విండోస్‌కు మారింది. 2001లో వచ్చిన ఎక్స్‌పీలో తెలుగును కూర్చే ఏర్పాటు, గౌతమి ఖతి రెండూ ఉన్నాయి. కార్డు చేసేదల్లా ఇచ్చిన చుక్కలను వెలిగించడమే. డబ్బాలు కనిపించాయంటే ఖతిలో ఆ అక్షరం లేదని అర్థం. కార్డుకు ఆ ఊసే తెలియదు. రీజనల్ సెట్టింగులలో సంక్లిష్ట లిపుల గడికి టిక్కు పెట్టి, ఎక్స్‌పీ సీడీ అందించాను. తెలుగు తిరిగి వచ్చింది.

అయితే అన్నీ రాలేదు. యూనికోడుకు ముందు వ్రాసిన వ్యాసాలలో రోమను అక్షరాల గందరగోళమే మిగిలింది. 1990లలో ఖతుల తయారీదారులు ఎవరికి వారే తెలుగు అక్షరాల ముక్కలను రోమను అక్షరాల స్థానాలలో అమర్చుకున్నారు. అప్పుడు దాచినది అక్షరాన్ని కాదు, దాని ఆకారపు ముక్కలను. విండోస్ మళ్లీ ఎక్కించినప్పుడు ఆ ఖతులు చెరిగిపోయాయి. బీరువాలోని ఒక పాత సీడీలో ఒక ఖతి దొరికింది. దానితో తెరుచుకున్న వ్యాసాలను అక్కడే కూర్చుని యూనికోడులోకి ఎక్కించాము. రెండు వ్యాసాల ఖతి మాత్రం దొరకలేదు. అవి చెక్కుచెదరకుండా డిస్కులో ఉన్నాయి, చదవడానికే వీలు లేదు.

శాసనం పగిలితే ముక్కలైనా కనిపిస్తాయి. ఇక్కడ ఏదీ పగలలేదు, లిపి తెలిసినవాడు వెళ్లిపోయాడు, అంతే. మీ ఇళ్లలోనూ అటువంటి యంత్రాలు ఉండే ఉంటాయి. కార్డు పోతే మరొకటి తెచ్చుకోవచ్చు. అది పని చేస్తుండగానే ఆ ఖతులను ఒకచోట దాచి, వ్రాతలను యూనికోడులోకి మార్చుకోండి.