కాకినాడ వ్యాపారులు, యూసుఫ్‌గూడ రింగులాట

1964లో కాకినాడ నుంచి కొందరు వ్యాపారులు బృందాలుగా హైదరాబాద్‌లోని యూసుఫ్‌గూడకు వచ్చారు. చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థ ‘సియెట్’ ఢిల్లీ నుంచి అక్కడికి తరలి అప్పటికి రెండేళ్లే అయింది. పరిశ్రమ పెట్టాలంటే అప్పు, స్థలం, యంత్రం ఉంటే చాలనుకుంటున్న రోజులవి. హార్వర్డ్ మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్‌క్లెలండ్ మాత్రం మనిషి దగ్గర మొదలుపెట్టాడు. సాధించాలన్న తపనను పెద్దయ్యాక కూడా నేర్పగలమా అన్నది ఆయన ప్రశ్న.

ఆ ప్రశ్నకు జవాబు వెతకడానికి కాకినాడ వ్యాపారులకు ఇచ్చిన శిక్షణలో రింగులాట ఒకటి. నేల మీద ఒక మేకు. చేతిలో రింగులు. ఎంత దూరంలో నిలబడి విసరాలో ఎవరికి వారే తేల్చుకోవాలి. మేకు పక్కనే నిలబడితే ప్రతి రింగూ పడుతుంది, పడినందుకు గొప్పేమీ లేదు. మరీ దూరం వెళితే అంతా అదృష్టమే. తపన ఉన్నవాడు నడిమి దూరం ఎంచుకుంటాడు. విసిరి, చూసి, చేయి సవరించుకుని మళ్లీ విసురుతాడు. ఆ తర్వాత రాబోయే రెండేళ్లలో తన వ్యాపారంలో ఏం సాధిస్తాడో ఎవరికి వారు రాసుకోవాలి.

ఊరికి తిరిగి వెళ్లాక వాళ్లలో చాలామంది, శిక్షణ తీసుకోని వాళ్లకంటే చురుగ్గా కదిలారు. కొత్త పెట్టుబడులు పెట్టారు, కొత్త పనులు మొదలుపెట్టారు. కులం, పాతకాలపు నమ్మకాలు ఇందుకు అడ్డు కాలేదని తేలింది. మన సంప్రదాయమే మన వ్యాపారాన్ని వెనక్కి లాగుతోందన్న మాట బలంగా వినిపించే రోజుల్లో తేలిన సంగతిది. అందుకే నాకిది చాలా విలువైనది. మెక్‌క్లెలండ్, డేవిడ్ వింటర్ కలిసి ఈ ప్రయోగంపై 1969లో పుస్తకం వేశారు.

మేనేజర్లకు శిక్షణ ఇవ్వడమే నా వృత్తి. ‘కొత్త ఐడియాలు తెండి’ అని కంపెనీలు కిందివాళ్లను తొందరపెడతాయి, ఆ ఐడియా కంపెనీని ఎక్కడికి చేర్చాలో మాత్రం చెప్పవు. మేకు పాతకుండానే రింగులు పంచుతాయన్నమాట. రెండేళ్ల గమ్యాన్ని ముందు అంకెల్లో రాయించిన తర్వాతే నేను ఐడియాల జోలికి వెళతాను.

మొయినాబాద్ దగ్గర నేనుండే హిమాయత్‌నగర్ గ్రామం వైపు పరిస్థితి వేరు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జంట జలాశయాల రక్షణకు 1996లో వచ్చిన 111 జీవో 84 గ్రామాల్లో కాలుష్యం తెచ్చే పరిశ్రమలను ఆపింది. మొయినాబాద్, చేవెళ్ల చుట్టుపక్కల కూరగాయలు, పూల మీద బతికేవాళ్లు ఎక్కువ. ఈమధ్య ఒక గులాబీ రైతు వచ్చి, ‘సార్, పాలీహౌస్ వేసి జెర్బెరా పెడదామనుకుంటున్న’ అన్నాడు.

‘ఎందుకు పెడుతున్నవ్?’ అని అడిగాను.

‘పక్కాయన పెట్టిండు గద సార్.’

గులాబీ మీద ఇప్పుడెంత మిగులుతోంది, రెండేళ్లకు ఎంత మిగలాలి, తొలి ఏడు దెబ్బతింటే ఎంతవరకు తట్టుకోగలడు, ఇవన్నీ రాసి తెమ్మన్నాను. లెక్క చూశాక పావెకరంతో మొదలుపెడతానన్నాడు.